పాఠకుల ప్రశ్నలు: రూజ్‌వెల్ట్ నిజంగా ట్రస్టుల్ని బద్దలు కొట్టాడా?

పోయిన సంచికలో వందేళ్ళ కిందటి అమెరికా గురించి రాస్తూ థియోడర్ రూజ్‌వెల్ట్ పేరు ఊరికే అలా తగిలించి వదిలేశాం, దాని మీద ప్రశ్నలు కుప్పలుగా వచ్చి పడ్డాయి, అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే ఇచ్చేశాం. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాం, ఏమనుకోకండి.

ప్రశ్న: సార్, రూజ్‌వెల్ట్ అంటే న్యూ డీల్ తెచ్చినాయన, వీల్‌చైర్‌లో ఉండేవాడు, రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో ప్రెసిడెంట్, ఆయనే కదా? మరి మీరు 1902 అని రాశారేంటి?

జవాబు: కాదండీ, ఆయన ఫ్రాంక్లిన్. ఈయన థియోడర్. ఇద్దరూ దూరపు చుట్టాలు, కాకపోతే ఫ్రాంక్లిన్ పెళ్ళి చేసుకున్న ఎలనార్ ఈ థియోడర్‌కి సొంత తమ్ముడి కూతురు. 1901 సెప్టెంబర్‌లో బఫలో ఊళ్ళో ఎగ్జిబిషన్‌కి వెళ్ళిన ప్రెసిడెంట్ మెకిన్లీని ఒకడు కాల్చాడు, ఎనిమిది రోజులకి ఆయన పోయాడు, వైస్ ప్రెసిడెంట్‌గా ఉన్న ఈయన 42 ఏళ్ళకే ఆ కుర్చీలో కూర్చున్నాడు. అంతకంటే చిన్న వయసులో ఆ పదవిలోకి వచ్చినవాళ్ళు ఇప్పటికీ లేరు. 1909 మార్చి దాకా ఉన్నాడు. వీల్‌చైర్ మాత్రం ఈయన కథలో కూడా ఒకచోట వస్తుంది, కింద చూడండి.

ప్రశ్న: షెర్మన్ యాంటీ ట్రస్ట్ చట్టం 1890లోనే వచ్చేసింది కదా, రూజ్‌వెల్ట్ వచ్చేసరికే పదకొండేళ్ళయింది. చట్టం ఆల్రెడీ ఉన్నప్పుడు ఈయన కొత్తగా చేసింది ఏముంది అని నా డౌట్.

జవాబు: మంచి ప్రశ్న. చట్టం ఉంది గానీ బీరువాలో ఉంది. అప్పట్లో ఒకే సరుకు తయారుచేసే కంపెనీలన్నీ ఒక్కటైపోయి మార్కెట్ మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకుంటే వాటిని ట్రస్టులు అనేవాళ్ళు, చక్కెర ట్రస్టు, పెట్రోలియం ట్రస్టు, మాంసం ట్రస్టు అలా. చక్కెర ట్రస్టు దేశంలో శుద్ధిచేసే చక్కెరలో తొంభై శాతం పైనే చేతిలో పెట్టుకుంది, దాని మీద ప్రభుత్వం కేసు వేస్తే 1895లో సుప్రీం కోర్టు ఏమందంటే, తయారీ వేరు వ్యాపారం వేరు, రాష్ట్రాల మధ్య జరిగే వ్యాపారం మీదే వాషింగ్టన్‌కి అధికారం, ఫ్యాక్టరీలో ఏం చేసుకుంటారో అది ఆ రాష్ట్రం చూసుకోవాలి అంది. తయారుచేసిన చక్కెర ఇంకో రాష్ట్రంలో అమ్ముకోవడానికి కాకపోతే ఎందుకో మరి! ఆ తీర్పుతో ఆ చట్టానికి పళ్ళు ఊడిపోయాయని అందరూ అనుకున్నారు, తమాషా ఏంటంటే ఆ తర్వాత కొన్నేళ్ళలోనే పెద్ద పెద్ద కంపెనీల విలీనాలు విపరీతంగా జరిగాయి.

అట్లాంటి టైమ్‌లో 1901 నవంబర్‌లో బ్యాంకర్ జె.పి. మోర్గాన్, రైల్వే అధిపతులు జేమ్స్ హిల్, హారిమన్ కలిసి నార్తర్న్ సెక్యూరిటీస్ అని ఒక హోల్డింగ్ కంపెనీ పెట్టారు. గ్రేట్ నార్తర్న్, నార్తర్న్ పసిఫిక్ అనే రెండు రైల్వేల షేర్లు దాని కిందకి వచ్చాయి, ఆ రెండింటి చేతిలో ఉన్న బర్లింగ్టన్ రైల్వే కూడా దాంతోపాటే వచ్చింది. అంటే వాయవ్య అమెరికాలో రైతు గోధుమ బస్తా కదిలించాలంటే ఈ ముగ్గురి దయ. కాగితం మీద దాని విలువ 40 కోట్ల డాలర్లు. నిజానికి అదే ఏడాది మేలో హారిమన్ ఒక పక్క, హిల్ మోర్గాన్ ఇంకో పక్క నార్తర్న్ పసిఫిక్ షేర్ల కోసం కొట్టుకుని ఆ షేరుని వెయ్యి డాలర్ల దాకా ఎక్కించి మార్కెట్‌నే ముంచారు, ఆ తర్వాత కొట్టుకోవడం ఎందుకు కలిసి తినొచ్చు కదా అనుకుని పెట్టిందే ఈ కంపెనీ.

రూజ్‌వెల్ట్ దీని మీద కేసు వేయిస్తున్నట్టు 1902 ఫిబ్రవరిలో ప్రకటించాడు. అటార్నీ జనరల్ ఫిలాండర్ నాక్స్‌కి తప్ప కేబినెట్‌లో ఎవరికీ చెప్పలేదు, వాల్ స్ట్రీట్ వాళ్ళకి దగ్గరివాడైన యుద్ధ మంత్రి ఎలిహూ రూట్‌కి కూడా చెప్పలేదు, ఆయనకి మండింది కూడా. కొద్ది రోజుల్లోనే మోర్గాన్ వైట్ హౌస్‌కి వచ్చాడు. మేం ఏదైనా తప్పు చేసుంటే మీ మనిషిని మా మనిషి దగ్గరికి పంపండి, వాళ్ళిద్దరూ కూర్చుని సరిచేసుకుంటారు అన్నాడు. అలా కుదరదు అన్నాడు రూజ్‌వెల్ట్, మేం సరిచేయాలనుకోవట్లేదు ఆపాలనుకుంటున్నాం అని నాక్స్ అందుకున్నాడు. మోర్గాన్ వెళ్ళాక రూజ్‌వెల్ట్ నాక్స్‌తో అన్నది ఇంకా బావుంటుంది, ఈయన నన్ను కూడా తనకి పోటీగా వచ్చిన ఇంకో పెద్ద వ్యాపారిని అనుకుంటున్నాడు అని.

1904 మార్చిలో సుప్రీం కోర్టు 5-4తో ప్రభుత్వం వైపు తీర్పిచ్చింది, కంపెనీని విడగొట్టమంది. రూజ్‌వెల్టే ఏరి కోరి జడ్జిగా వేసిన హోమ్స్ వ్యతిరేకంగా రాశాడు, ఆ కోపం ఈయనకి చాన్నాళ్ళు పోలేదు. మీ డౌట్‌కి జవాబు ఇదే, కొత్త చట్టం ఏమీ చేయలేదు, ఉన్న చట్టాన్ని దేశంలోకెల్లా పెద్దాయన మీదే వాడి చూపించాడు. ఫలితం అంటారా, ఆ రైల్వేలు తర్వాత కూడా దాదాపు అదే మనుషుల చేతుల్లో నడిచాయి. 1970లో అవే మూడు రైల్వేలు బర్లింగ్టన్ నార్తర్న్ పేరుతో చట్టప్రకారమే ఒక్కటయ్యాయి, ఈసారి సుప్రీం కోర్టు కూడా సరేనంది.

ప్రశ్న: బొగ్గు గనుల సమ్మెలో ప్రెసిడెంట్ కలగజేసుకున్నాడని చదివాను. అది ప్రైవేటు యజమానులకి, కూలీలకి మధ్య గొడవ కదండీ, ఆయనకి ఏ అధికారం ఉందని?

జవాబు: ఏ అధికారమూ లేదు, అదే అందులో అసలు విషయం. ఆయన న్యాయ సలహాదారులు కూడా అదే చెప్పారు.

1902 మే నెలలో పెన్సిల్వేనియా తూర్పు భాగంలో ఆంత్రసైట్ బొగ్గు తవ్వే కార్మికులు, లక్షా నలభై వేలకి పైనే, పని ఆపేశారు. ఇరవై శాతం కూలి పెంచాలి, పని ఎనిమిది గంటలు చేయాలి, తూకం సరిగ్గా వేయాలి, యూనియన్‌ని గుర్తించాలి. తూకం సంగతి చిన్నదనుకోకండి, టన్నుకి ఇంత అని కూలీ మాట్లాడి, టన్ను పేరు చెప్పి అంతకంటే ఎక్కువే తవ్వించుకునేవాళ్ళు. ఆ గనులు చాలామటుకు రైల్వే కంపెనీలవే. యజమానుల తరఫున ముందున్నది రీడింగ్ రైల్వే ప్రెసిడెంట్ జార్జ్ బేర్, ఈ పెద్దమనిషి ఒక ఉత్తరంలో ఏం రాశాడంటే కూలీల బాగోగులు చూసేది యూనియన్ వాళ్ళు కాదు, దేవుడు తన అపారమైన జ్ఞానంతో ఈ దేశపు ఆస్తుల్ని ఎవరి చేతికి అప్పగించాడో ఆ క్రైస్తవ పెద్దమనుషులే అని. ఆ ఉత్తరం పేపర్లలో పడింది, దాంతో అప్పటిదాకా అటూ ఇటూ ఊగిన జనం కూడా కూలీల వైపు తిరిగారు.

తూర్పు నగరాల్లో ఇళ్ళు వెచ్చగా ఉండాలంటే ఆ బొగ్గే దిక్కు, సెప్టెంబర్ దాటుతోంది, చలి వస్తోంది, రేటు ఆకాశంలో ఉంది. అక్టోబర్ 3న రూజ్‌వెల్ట్ యజమానుల్ని, యూనియన్ నాయకుడు జాన్ మిచెల్‌ని వాషింగ్టన్‌కి పిలిచి ఒకే గదిలో కూర్చోబెట్టాడు. వీల్‌చైర్ ఇక్కడే వస్తుంది, అంతకు నెల ముందు మాసచూసెట్స్‌లో ఆయన గుర్రబ్బండిని ట్రాలీ కారు గుద్దింది, ఆయన బాడీగార్డ్ అక్కడికక్కడే పోయాడు, ఈయనకి కాలికి దెబ్బ తగిలి చీము పట్టి ఆపరేషన్ చేశారు. వైట్ హౌస్‌లో రిపేర్లు జరుగుతున్నాయని పక్కనే ఒక ఇంట్లో ఉంటున్నాడు, అక్కడే ఈ మీటింగ్. మిచెల్ మర్యాదగా మాట్లాడాడు, మీరు కమిషన్ వేయండి, అది ఏం చెప్తే దానికి ఒప్పుకుంటాం అన్నాడు. యజమానులు ససేమిరా అన్నారు, మిచెల్ మొహం చూసి మాట్లాడ్డానికి కూడా ఒప్పుకోలేదు, పైగా ఈ అల్లరిమూకతో బేరాలేంటి అని ప్రెసిడెంట్‌కే క్లాసు పీకారు.

అంతకుముందు ప్రెసిడెంట్లు అయితే ఇక్కడ సైన్యాన్ని పంపేవాళ్ళు. 1894లో పుల్మన్ రైల్వే సమ్మెకి క్లీవ్‌లాండ్ షికాగోకి పంపాడు, సమ్మె విరగ్గొట్టడానికే. రూజ్‌వెల్ట్ కూడా సైన్యాన్నే రెడీ చేశాడు గానీ ఎందుకంటే గనుల్ని స్వాధీనం చేసుకుని ప్రభుత్వమే బొగ్గు తవ్వించడానికి! జనరల్ స్కోఫీల్డ్‌తో మాట్లాడి పెట్టుకున్నాడు కూడా. రాజ్యాంగంలో అట్లాంటి అధికారం ఎక్కడుందంటే చూపించలేం, కోర్టుకెళ్తే నిలిచేది కాదనే నా అభిప్రాయం, కానీ ఆ మాట యజమానుల చెవిన పడేలా చూసుకున్నాడు. ఇంకోపక్క రూట్ వెళ్ళి మోర్గాన్‌ని ఆయన పడవలో, కోర్సెర్ అని పెద్ద యాట్ లెండి, కలిసి కమిషన్‌కి ఒప్పించాడు. రైల్వేలకి డబ్బిచ్చేది మోర్గాన్ కాబట్టి ఆయన ఊ అంటే వీళ్ళూ ఊ అనాల్సిందే.

అయినా ఒక పేచీ మిగిలింది. కమిషన్‌లో యూనియన్ మనిషి ఉండకూడదు, మేం చెప్పిన రకాల వాళ్ళే ఉండాలి అన్నారు, ఒక మిలిటరీ ఇంజనీరు, ఒక గనుల ఇంజనీరు, ఒక జడ్జి, బొగ్గు వ్యాపారం తెలిసినాయన ఒకరు, పేరున్న సోషియాలజిస్టు ఒకరు. రూజ్‌వెల్ట్ రైల్వే కండక్టర్ల యూనియన్ నాయకుడు ఇ.ఇ. క్లార్క్‌ని తీసుకొచ్చి ఇదిగో సోషియాలజిస్టు అన్నాడు. కిమ్మనకుండా ఒప్పేసుకున్నారు. యూనియన్ అనే పేరు లేకపోతే చాలు, మనిషి ఎవరైనా వాళ్ళకి అభ్యంతరం లేదన్నమాట, ఇది తెలిసినప్పుడు ఆయన పగలబడి నవ్వుకున్నాడు. 1903 మార్చిలో కమిషన్ పది శాతం కూలి పెంచింది, ఎక్కువమందికి పది గంటల పని తొమ్మిదికి తగ్గించింది, యూనియన్‌కి గుర్తింపు మాత్రం ఇవ్వలేదు. కూలీలు అడిగినదాంట్లో సగం. కాకపోతే ప్రెసిడెంట్ ఇద్దరినీ సమానంగా కూర్చోబెట్టి మాట్లాడాడు అన్నది కూలీలకి అప్పటిదాకా ఎరగని విషయం.

ప్రశ్న: మీ దృష్టిలో ఆయన చేసిన అన్నిటికంటే పెద్ద పని ఏది? ఒక్కటే చెప్పండి, అదీ ఇదీ అనొద్దు.

జవాబు: హెప్‌బర్న్ చట్టం, 1906. చాలామంది నార్తర్న్ సెక్యూరిటీస్ కేసు అంటారు, నేను ఒప్పుకోను. కేసులు ఒక్కో కంపెనీ మీద ఒక్కోసారి వేస్తారు, గెలుస్తారు ఓడతారు, ఇది అలా కాదు, ప్రైవేటు కంపెనీ వసూలు చేసే రేటు ఇంతకి మించకూడదు అని చెప్పే హక్కుని ప్రభుత్వం శాశ్వతంగా తీసుకుంది.

అంతకుముందు ఏమీ లేదని కాదు, అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ 1887 నుంచీ ఉంది. కానీ 1897లో కోర్టు ఆ కమిషన్‌కి రేట్లు నిర్ణయించే అధికారం లేదనేసింది, దాంతో అది లెక్కలు రాసుకునే ఆఫీసుగా మిగిలింది. ఈలోపు పెద్ద కంపెనీలు రైల్వేలని బెదిరించి దొంగచాటు రిబేట్లు లాక్కునేవి, అంటే చిన్న వ్యాపారి ఫుల్ రేటు కట్టాలి, పెట్రోలియం ట్రస్టు స్టాండర్డ్ ఆయిల్‌కి మాత్రం కొంత వెనక్కి వస్తుంది, ఇక పోటీ ఏముంటుంది. 1903లో ఎల్కిన్స్ చట్టం ఈ రిబేట్లని నిషేధించింది, దాన్ని రైల్వేలే సపోర్ట్ చేశాయి, ఎందుకంటే డబ్బు పోయేది వాళ్ళదే! అక్కడిదాకా అందరికీ బానే ఉంది, రేటు మేం చెప్తాం అనేసరికి మాత్రం అగ్గి రాజుకుంది.

దిగువ సభ హౌస్‌లో బిల్లు 346-7తో సునాయాసంగా పాసైంది. సెనేట్‌లో ఉన్నది నెల్సన్ ఆల్డ్రిచ్, రూజ్‌వెల్ట్ సొంత రిపబ్లికన్ పార్టీ పెద్దమనిషే, వ్యాపారస్తుల మనిషి. ఎదురుగా ఓడించలేనని తెలిసి ఒక ఎత్తు వేశాడు, బిల్లుని సభలో నడిపించే బాధ్యత సౌత్ కరోలినా డెమోక్రాట్ బెన్ టిల్మన్ చేతిలో పడేలా చేశాడు. టిల్మన్‌కీ రూజ్‌వెల్ట్‌కీ మాటల్లేవు, 1902లో టిల్మన్ సభలోనే తోటి సెనేటర్‌తో ముష్టియుద్ధానికి దిగితే రూజ్‌వెల్ట్ ఆయనకి ఇచ్చిన విందు పిలుపుని వెనక్కి తీసుకున్నాడు, అప్పట్నుంచీ ఉప్పూ నిప్పూ. ఇప్పుడు ఇద్దరూ కలిసి బిల్లు గట్టెక్కించాలి, ఎలా? చాండ్లర్ అనే మాజీ సెనేటర్ మధ్యలో అటూ ఇటూ తిరుగుతూ కబుర్లు మోశాడు. గొడవంతా ఎక్కడంటే, కమిషన్ రేటు చెప్పాక కోర్టు దాన్ని ఎంతవరకు తిరగదోడొచ్చు అన్నదాని మీద. చివరికి ఆ విషయాన్ని కావాలనే గందరగోళంగా రాసి వదిలేశారు, పాము చావకుండా కర్ర విరగకుండా అన్నట్టు. 71-3తో పాసైంది, జూన్ 29న సంతకం.

అందులో ఏముందంటే, ఎవరైనా ఫిర్యాదు చేస్తే విచారించి గరిష్ఠ రేటు చెప్పే అధికారం కమిషన్‌కి వచ్చింది. పెట్రోలియం పైపులైన్లు, స్లీపర్ కార్ల కంపెనీలు, పార్సిల్ కంపెనీలు కూడా దాని కిందకే వచ్చాయి. రాజకీయ నాయకులకీ వాళ్ళ చుట్టాలకీ రైల్వేలు పంచే ఫ్రీ పాసులకి కళ్ళెం పడింది. ఇంతకుముందు కమిషన్ ఆర్డర్ అమలు కావాలంటే కమిషనే కోర్టుకి వెళ్ళాలి, ఇప్పుడు ఆర్డర్ నచ్చని రైల్వేనే కోర్టుకి పోవాలి, కేసులు ఏళ్ళ తరబడి సాగే చోట ఈ తేడా ఎంతో ఊహించుకోండి.

నన్నడిగితే వీటన్నిటికంటే గట్టి దెబ్బ లెక్కల పుస్తకాల నిబంధన. దేశంలోని రైల్వేలన్నీ కమిషన్ చెప్పిన ఒకే పద్ధతిలో ఖాతాలు రాయాలి, వేరే పుస్తకాలు పెట్టుకోవడం నేరం, ఇన్‌స్పెక్టర్ ఎప్పుడైనా వచ్చి తెరిచి చూడొచ్చు. అప్పటిదాకా రైల్వే తనకి నష్టం వస్తోందంటే నమ్మాలి, లాభం ఎంతో చెప్పకపోతే ఊరుకోవాలి. రేటు న్యాయమైనదో కాదో తేల్చాలంటే ముందు ఖర్చెంతో తెలియాలి కదా! సెనేటర్ లా ఫాలెట్ లాంటి వాళ్ళు ఇంకా ముందుకెళ్ళి రైల్వేల ఆస్తి విలువ కూడా ప్రభుత్వమే లెక్కకట్టాలన్నారు, రూజ్‌వెల్ట్ అంతదూరం పోలేదు, అది 1913లో గానీ రాలేదు.

ప్రశ్న: మాంసం ఫ్యాక్టరీల మీద ఒక నవల వస్తే దాన్ని చదివి చట్టం చేశాడంట నిజమేనా?

జవాబు: సగం నిజం. అప్టన్ సింక్లెయిర్ నవల 1906 మొదట్లో వచ్చింది, షికాగో కబేళాల్లో కూలీల బతుకు ఎంత ఘోరమో చెప్దామని రాశాడు పాపం, జనం కూలీల సంగతి వదిలేసి తాము తినే మాంసంలో ఏం కలుస్తోందో అని హడలిపోయారు. రూజ్‌వెల్ట్‌కి సింక్లెయిర్ సోషలిజం అస్సలు నచ్చలేదు గానీ నీల్, రేనాల్డ్స్ అని ఇద్దర్ని పంపి ఎంక్వైరీ చేయించాడు, వాళ్ళు రాసింది కూడా తక్కువేం లేదు. ఆ రిపోర్టు మొదట బయటపెట్టకుండా దాన్ని చూపించి బెదిరించాడు, కంపెనీల వైపు కాంగ్రెస్ సభ్యులు మొండికేసేసరికి జూన్‌లో బయటపెట్టాడు. జూన్ 30న మాంసం తనిఖీ చట్టం, ఆహారం మందుల చట్టం రెండూ ఒకే రోజు సంతకం.

అయితే తనిఖీ ఖర్చు కంపెనీలే భరించాలని సెనేటర్ బెవరిడ్జ్ పట్టుబట్టాడు, అది కుదర్లేదు, ఏడాదికి 30 లక్షల డాలర్లు ఖజానా నుంచే ఇచ్చారు. అంటే పెద్ద ప్యాకింగ్ కంపెనీలకి ప్రభుత్వ ఖర్చుతో ప్రభుత్వ ముద్ర దొరికింది, యూరప్‌లో అమ్ముకోవడానికి అది బాగా పనికొచ్చేదే. మందుల చట్టం వల్ల సీసా మీద మార్ఫిన్, కొకైన్, నల్లమందు, ఆల్కహాల్ ఉంటే ఉందని రాయాల్సి వచ్చింది. నిషేధం కాదు, రాయడమే! దీని వెనక ఏళ్ళ తరబడి పోరాడింది హార్వీ వైలీ అనే ప్రభుత్వ కెమిస్టు, కుర్రాళ్ళని కూర్చోబెట్టి ఆహారం పాడవకుండా వాడే బోరాక్స్ లాంటివి కలిపిన భోజనం పెట్టి ఏమవుతుందో చూసేవాడు. ఆయనే ఒకరోజు రూజ్‌వెల్ట్ ముందు చక్కెర బదులు వాడే శాకరిన్ ఆరోగ్యానికి హాని అని నోరు జారాడు, మా డాక్టర్ నాకు రోజూ అదే ఇస్తాడు, హాని అనేవాడు మూర్ఖుడు అని ప్రెసిడెంట్ మండిపడ్డాడు.

ప్రశ్న: అడవులు కాపాడటం పర్యావరణం కిందకి వస్తుంది కదా, దాన్ని ఆర్థిక వ్యవస్థ మీద పెత్తనం అని ఎలా అంటారు?

జవాబు: పశ్చిమ రాష్ట్రాల్లో పశువుల కాపరినో కలప వ్యాపారినో అడిగితే తెలిసేది! 1905లో ఫారెస్ట్ సర్వీస్ పెట్టి గిఫర్డ్ పిన్‌షోకి అప్పగించారు, మరుసటేడు నుంచే అడవిలో గొర్రెలూ పశువులూ మేపాలంటే ఫీజు కట్టాలి, చెట్టు కొట్టాలంటే పర్మిషన్. తాతల కాలం నుంచి ఊరికే మేపుకున్నాం అంటే కుదరదు. ఒక కొలరాడో పశువుల ఆసామి నేను కట్టనని సుప్రీం కోర్టు దాకా వెళ్ళాడు, 1911లో ఓడిపోయాడు.

1907లో ఒరెగాన్ సెనేటర్ ఫుల్టన్ బడ్జెట్ బిల్లుకి ఒక క్లాజు తగిలించాడు, ఆరు వాయవ్య రాష్ట్రాల్లో కాంగ్రెస్ ఒప్పుకోకుండా కొత్త రిజర్వు అడవులు పెట్టకూడదు అని. ఆ బిల్లు మీద సంతకం పెట్టకపోతే డిపార్ట్‌మెంట్‌కి డబ్బు ఆగిపోతుంది, పెడితే చేతులు కట్టేసుకున్నట్టే. పిన్‌షో మనుషులు రాత్రింబవళ్ళు మ్యాపులు ముందేసుకుని గీతలు గీశారు, రూజ్‌వెల్ట్ ముందు ఆ ఆరు రాష్ట్రాల్లోనే కోటీ అరవై లక్షల ఎకరాల్ని రిజర్వు చేస్తూ ఆర్డర్లు ఇచ్చేసి, ఆ తర్వాత తాపీగా ఆ బిల్లు మీద సంతకం పెట్టాడు. చట్టాన్ని మీరలేదు, కాంగ్రెస్‌ని మాత్రం పిచ్చివాళ్ళని చేశాడు. అడవులు మిగిలాయని నాకు సంతోషమే, ఆ పద్ధతి మాత్రం నచ్చదు, ఎందుకంటే అదే దారిలో రేపు ఇంకొకడు వచ్చి ఇంకేదో చేయొచ్చు.

ప్రశ్న: మీరు అందరూ ఆయన్ని హీరోని చేస్తారు గానీ నాకు తెలిసి మోర్గాన్‌తో కుమ్మక్కయినవాడే ఆయన. 1907లో యూఎస్ స్టీల్‌కి పోటీ కంపెనీని కొనుక్కోమని పర్మిషన్ ఇచ్చింది ఎవరు? దీనికి ఏమంటారు?

జవాబు: మీరు అడిగింది న్యాయమే, దీన్ని దాటేసి ఆయన గురించి మాట్లాడితే అబద్ధం అవుతుంది.

1907 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో నికర్‌బాకర్ ట్రస్ట్ అనే బ్యాంకులాంటి సంస్థ మూతపడింది, జనం డబ్బు తీసుకోవడానికి మిగతా వాటి మీద ఎగబడ్డారు. అప్పటికి అమెరికాకి సెంట్రల్ బ్యాంకు లేదు. ప్రభుత్వం రెండున్నర కోట్ల డాలర్లు న్యూయార్క్ బ్యాంకుల్లో డిపాజిట్ చేసింది గానీ ఎవరిని బతికించాలి ఎవరిని వదిలేయాలి అని తేల్చింది 70 ఏళ్ళ మోర్గాన్, తన లైబ్రరీలో కూర్చుని. నవంబర్ మొదట్లో మూర్ అండ్ ష్లే అనే బ్రోకరేజ్ మునిగేలా ఉంది, అది అప్పుల కోసం తాకట్టు పెట్టినవి ఎక్కువగా టెనెసీ కోల్ అండ్ ఐరన్ షేర్లు. వాటిని యూఎస్ స్టీల్ కొనేస్తే మార్కెట్ నిలబడుతుందని ప్లాన్. కానీ రేపు ప్రభుత్వం యాంటీ ట్రస్ట్ కేసు వేస్తే? అందుకని యూఎస్ స్టీల్ తరఫున గ్యారీ, ఫ్రిక్ ఇద్దరూ స్పెషల్ ట్రైన్‌లో రాత్రంతా ప్రయాణం చేసి నవంబర్ 4 పొద్దున్నే వైట్ హౌస్‌కి వచ్చి, టిఫిన్ దగ్గరున్న ప్రెసిడెంట్‌ని బయటికి పిలిపించారు. పది గంటలకి మార్కెట్ తెరుస్తారు, ఈలోపు మీరు చెప్పాలి అన్నారు. నేను అడ్డుచెప్పను అన్నాడు. ఆ మాట వాళ్ళు ఫోన్‌లో న్యూయార్క్‌కి చేరవేశారు. అలబామాలో బ్రహ్మాండమైన ఇనుము బొగ్గు నిక్షేపాలున్న కంపెనీ దాదాపు నాలుగున్నర కోట్ల డాలర్లకి యూఎస్ స్టీల్ చేతిలో పడింది, కారుచౌక.

కుమ్మక్కు అనను. భయపడ్డాడు, తొందరపెట్టారు, నమ్మాడు. కానీ దీనికంటే ముందే ఇంకోటి జరిగింది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. 1903లో ఆయన పట్టుబట్టి వాణిజ్య కార్మిక శాఖ పెట్టించాడు, దాని కింద బ్యూరో ఆఫ్ కార్పొరేషన్స్, కంపెనీల వ్యవహారాలు తవ్వి తీయడం దాని పని. 1905లో యూఎస్ స్టీల్ చైర్మన్ గ్యారీ వచ్చి మా పుస్తకాలు మీ బ్యూరోకి చూపిస్తాం, తప్పుంటే కోర్టుకి పోకుండా ముందు మాకు చెప్పండి దిద్దుకుంటాం అన్నాడు, రూజ్‌వెల్ట్ సరేనన్నాడు. 1907లో వ్యవసాయ యంత్రాలు చేసే ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కూడా అట్లాగే. రెండూ మోర్గాన్ కంపెనీలే. 1902లో మీ మనిషి మా మనిషి కూర్చుని సరిచేసుకుంటారంటే కుదరదన్నాడు కదా, సరిగ్గా దానికే మూడేళ్ళ తర్వాత ఒప్పుకున్నాడు! అలా ఒప్పందానికి రాని స్టాండర్డ్ ఆయిల్ మీద 1906 నవంబర్‌లో కేసు పడింది.

దీన్నిబట్టి నాకర్థమైంది ఏంటంటే ఆయనకి పెద్ద కంపెనీలంటే పగ లేదు, పెద్దవి రావడం ఆగదు, చెడ్డపనులు చేయకుండా చూసుకుంటే చాలు అనుకున్నాడు. ఏది మంచి ట్రస్టు ఏది చెడ్డది అని తేల్చేది ఎవరయ్యా అంటే తనే. కంపెనీలకి ఫెడరల్ లైసెన్స్ ఉండాలని కాంగ్రెస్‌ని అడిగాడు, వాళ్ళు ఇవ్వలేదు, అందుకని చట్టం లేనిచోట మాటమీద నడిపించాడు. మాటమీద నడిచేది ఆ మనిషి ఉన్నన్నాళ్ళే ఉంటుంది, టిఫిన్ టైమ్‌లో వచ్చి తొందరపెడితే మారిపోతుంది కూడా. రైల్వేల మీద చేసింది చట్టం కాబట్టి నిలబడింది.

ప్రశ్న: టారిఫ్‌ల గురించి ఏం చేశాడు?

జవాబు: ఏమీ చేయలేదు. ట్రస్టులకి విదేశీ పోటీ లేకుండా కాపాడుతున్నది ఆ దిగుమతి సుంకాలేనని డెమోక్రాట్లు మొత్తుకున్నారు, ముట్టుకుంటే సొంత పార్టీ చీలుతుందని ఈయనకి తెలుసు. రైల్వే బిల్లు కోసం సెనేటర్లని భయపెట్టడానికి మాత్రం ఆ బూచిని బాగానే వాడుకున్నాడు.

ప్రశ్న: ట్రస్ట్ బస్టర్ అని పేరు ఈయనకొచ్చింది గానీ టాఫ్ట్ ఎక్కువ కేసులు వేశాడంట కదా, మరి టాఫ్ట్‌కి ఎందుకు పేరు రాలేదు?

జవాబు: నిజమే. రూజ్‌వెల్ట్ ఏడున్నరేళ్ళలో వేయించింది 44, ఆయన తర్వాత ప్రెసిడెంట్ అయిన టాఫ్ట్ నాలుగేళ్ళలోనే దాన్ని దాటేశాడు, 1911లో స్టాండర్డ్ ఆయిల్, అమెరికన్ టొబాకో రెండూ ముక్కలైంది కూడా టాఫ్ట్ టైమ్‌లోనే, అయితే ఆ రెండు కేసులూ మొదలుపెట్టింది రూజ్‌వెల్టే. టాఫ్ట్ స్వతహాగా జడ్జి మనస్తత్వం, చట్టం అందరికీ ఒకటే, మంచి ట్రస్టు చెడ్డ ట్రస్టు అని నేనెవర్ని చెప్పడానికి అన్నట్టు ఉండేవాడు. పేరు రాకపోవడానికి కారణం ఆయనకి పేపర్ల వాళ్ళతో మాట్లాడటం రాదు, రూజ్‌వెల్ట్ గడ్డం గీయించుకుంటూ కూడా విలేఖరులతో కబుర్లు చెప్పేవాడు.

1911 అక్టోబర్‌లో టాఫ్ట్ ప్రభుత్వం యూఎస్ స్టీల్ మీదే కేసు వేసింది, అందులో ఆ టెనెసీ కంపెనీ కొనుగోలు కూడా రాసి, ప్రెసిడెంట్‌కి పూర్తి నిజం చెప్పకుండా ఒప్పించారు అన్నట్టు పెట్టారు. అంటే రూజ్‌వెల్ట్‌ని మోసపోయినవాడిగా చూపించినట్టే. ఆయన అగ్గిమీద గుగ్గిలం అయ్యాడు. అప్పటికే చెడిన స్నేహం దాంతో పూర్తిగా తెగింది, 1912లో వేరే పార్టీ పెట్టి టాఫ్ట్ మీదే పోటీకి దిగాడు, ఓట్లు చీలి మధ్యలో డెమోక్రాట్ విల్సన్ గెలిచాడు. 1914లో విల్సన్ హయాంలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వచ్చింది, బ్యూరో ఆఫ్ కార్పొరేషన్స్‌ని అందులోనే కలిపేశారు, రూజ్‌వెల్ట్ మాటమీద చేసిన పని అలా ఒక చట్టం కిందకి వచ్చింది. యూఎస్ స్టీల్ కేసు మాత్రం ఎనిమిదేళ్ళకి పైగా సాగి 1920లో 4-3తో కంపెనీ గెలిచింది, పెద్దగా ఉండటమే నేరం కాదంది కోర్టు. రూజ్‌వెల్ట్ అంతకు ఏడాది ముందే, 1919 జనవరిలో పోయాడు.